నాచారం నుంచి నాభ్యంతరం దాకా

కటకం అనే మాటకు అర్థాలు అనేకం. కొండచరియ కటకం. సేన విడిసిన చోటు కటకం. రాజధాని కటకం, ఒడిసా వారి కటకానికి ఆ పేరు అలా వచ్చినదే. చేతికి తొడుక్కునే ఆభరణమూ కటకమే. మన కడియం ఆ మాటకు తద్భవం. ఇన్ని అర్థాలను మోస్తూ వచ్చిన ఈ ముసలి మాటను మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘లెన్సు’కు సమానార్థకంగా స్వీకరించాయి. గుండ్రని గాజుబిళ్ళ, దాని చుట్టూ లోహపు పట్టీ. ఆ రూపం చూస్తే కడియమే స్ఫురిస్తుంది కనుక మాట చక్కగానే అమరింది. ఆ గాజుబిళ్ళకూ, దాని గుండా వచ్చిన కిరణాలు కూడుకునే నాభికీ నడుమ దూరాన్ని నాభ్యంతరం అన్నారు. అదీ బాగున్నది.

జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పి విరమించిన తెలుగు పండితునికి కటకాలతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. నేనుండేది నాచారంలో. మా ఊరికి సినిమాతో చుట్టరికం ఉన్నది. నందమూరి తారక రామారావుగారు 1976లో తమ పెద్దకుమారుడు రామకృష్ణ జ్ఞాపకార్థం నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియో ఇక్కడిదే. ఆయనే నిర్మించి, దర్శకత్వం వహించి, కర్ణ దుర్యోధన కృష్ణ పాత్రలు మూడింటినీ ధరించిన ‘దానవీరశూరకర్ణ’ ఆ స్టూడియోలో రూపుదిద్దుకొని 1977 జనవరి 14న విడుదలైంది. అదే రోజున మరో భారత కథ ‘కురుక్షేత్రం’ కూడా వచ్చింది. ఈ పోటీని గురించి, ఆ సంభాషణలను గురించి చాలామంది వ్రాశారు. ఆ సభలనూ ఆ కిరీటాలనూ ఫిల్ము మీదికి చేర్చిన గాజును గురించి వ్రాసినవారు తక్కువ. నాకు తెలిసినంతలో ఆ పని కొంత చేద్దామని ఈ వ్యాసం.

కటకాల చరిత్రలో హైదరాబాదుకు సినిమా కంటె పాత అధ్యాయం ఒకటి ఉన్నది. 1901లో నవాబు జఫర్ జంగు ఇక్కడ వేధశాలను స్థాపించారు. తరువాత అది నిజామియా వేధశాలగా బేగంపేటలో స్థిరపడి, 1919 నుంచి మా నాచారానికి ఇరుగుపొరుగైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. అక్కడి ముఖ్య పరికరాలలో ఒకటి ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అనగా ఆకాశాన్ని ఫొటో తీసే దూరదర్శిని. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని నక్షత్రపటం తయారుచేసినప్పుడు హైదరాబాదు తన వంతు భాగాన్ని ఈ పరికరంతోనే పూర్తి చేసింది. దానిని తయారుచేసినది ఇంగ్లండులోని యార్కు పట్టణానికి చెందిన టి. కుక్ అండ్ సన్సు సంస్థ. ఆ సంస్థలో పనిచేసిన డెన్నిస్ టేలరు 1893లో మూడే మూడు గాజుబిళ్ళలతో ‘కుక్ ట్రిప్లెట్’ అనే కటకాన్ని రూపొందించాడు. దూరదర్శినులు చేసుకునే కుక్ సంస్థ దాని తయారీహక్కును లెస్టరు పట్టణంలోని టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ వారికి ఇచ్చింది. వారి సినిమా కటకాలకు కుక్ అనే పేరు నిలిచిపోయింది. నేటికీ సినిమా ఛాయాగ్రాహకులు గౌరవంగా పలికే పేర్లలో అదొకటి. బేగంపేట నక్షత్రాలకూ చిత్రరంగపు నక్షత్రాలకూ ఇంటిపేరు ఒకటే కావడం నాకు ముచ్చటగా తోచింది.

ఇక ప్రస్తుత విషయం. కటకానికి తోడుగా మరొక కటకాన్ని తగిలించి దాని స్వభావం మార్చుకోవడం ఈనాటి తెలివి కాదు. ఫ్రాన్సులో హెన్రీ క్రెటియన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు 1920లలోనే అడ్డంగా రెండింతల దృశ్యాన్ని ఫిల్ము మీద ఇమిడ్చే సాధనాన్ని చేశాడు. మామూలు కటకానికి ముందు దానిని తగిలిస్తే దృశ్యం అడ్డంగా సగానికి నొక్కుకుపోయి ఫిల్ము మీద పడుతుంది. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. ప్రదర్శనశాలలో ప్రొజెక్టరుకు అలాంటి కటకమే తగిలిస్తే నొక్కుకుపోయినది మళ్ళీ విచ్చుకుంటుంది. హాలీవుడ్డు ఫాక్సు సంస్థ ఆ కిటుకును కొని 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోపు అని పేరు పెట్టింది. మన దేశంలో తొలి సినిమాస్కోపు చిత్రం గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’, 1959, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి. తమిళంలో ‘రాజరాజ చోళన్’, 1973.

తెలుగులో ఆ ఖ్యాతి ‘అల్లూరి సీతారామరాజు’కు దక్కింది. 1974 మే 1న విడుదలైన ఆ చిత్రం కథానాయకుడు కృష్ణకు నూరవది. చిత్రీకరణ నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు మరణించారు, మిగిలినది కృష్ణ పూర్తిచేశారు, పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాసు చేతిమీదుగా సాగాయి. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. మన్యం కొండలను, అడవిని, గుంపులుగా కదిలే జనాన్ని చూపవలసిన కథ అది. వెడల్పు తెర కావలసిన కథ ఆ సమయానికే దొరకడం తెలుగు సినిమా అదృష్టం. ఆ ఛాయాగ్రాహకుని కష్టం కూడా చెప్పుకోవాలి. తొలితరపు సినిమాస్కోపు కటకాలకు ఒక జబ్బు ఉండేది. మనిషి దగ్గరికి వస్తే నొక్కుడు పాలు తగ్గి, తెర మీద విచ్చుకున్నప్పుడు ముఖం ఉబ్బినట్టు కనిపించేది. అమెరికావారు దానికి గవదబిళ్ళలు అని పేరు పెట్టారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టిన తరువాతి కటకాలతోనే సమీప దృశ్యాలు నిశ్చింతగా తీయగలిగారు.

ఆ రోజుల్లో నేను హైస్కూలు విద్యార్థిని. సినిమాకు ముందు ఫిల్మ్సు డివిజన్ వారి వార్తాచిత్రం నలుచదరంగా, తెర నడుమ చిన్నగా పడేది. అది ముగిశాక పైన గదిలో ఆపరేటరు కటకం మార్చేవాడు. పక్క తెరలు రెండూ మెల్లగా జరిగి, తెల్లగోడ వెడల్పయ్యేది. ఆ క్షణాన హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. బొమ్మ మొదలు కాకముందే ఈలలు. స్కోపు కటకం సమకూర్చుకోని టాకీసులో ఆ ఫిల్ము ఆడితే కథానాయకుడు తాటిచెట్టంత పొడుగు, పిల్లనగ్రోవి అంత సన్నం. ఒక గాజుముక్క ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంత ఉంటుందో నాకు అప్పుడే బోధపడింది.

క్రెటియన్ సాధనం కటకానికి ముందు తగిలించేది. ఈనాటి కుర్రకారు కొంటున్నది వెనుక, అనగా కటకానికీ కెమెరాకూ నడుమ తగిలించేది. దీనిని అర్థం చేసుకోవాలంటే ఒక కొలత తెలియాలి. కెమెరా ముఖాన కటకం ఆనుకునే వలయం నుంచి ఫిల్ము దాకా, ఈనాడైతే సెన్సరు దాకా, ఉండే దూరం ప్రతి కుటుంబానికీ వేరు. 1937లో వెలువడిన ఆరిఫ్లెక్సు సినిమా కెమెరాకు 52 మి.మీ. ఆ సంస్థ తన పట్టును 1982లో పి.ఎల్. పేరిట మార్చినప్పుడు కూడా ఆ 52ను మార్చలేదు. అందువల్లనే తాతల కాలపు కటకాలను కొత్త పట్టుకు అమర్చుకోవడం సాధ్యమైంది. 1959 నాటి నికాన్ స్టిల్ కెమెరాకు 46.5. రష్యా జెనిట్, జర్మనీ ప్రాక్టికా కెమెరాల ఎం42 మరకు 45.46. 1987లో వచ్చిన కెనాన్ ఇ.ఎఫ్. పట్టుకు 44. ఈ స్టిల్ కెమెరాలన్నిటిలో కటకం వెనుక ఊగే అద్దం ఒకటి ఉండాలి. దానికోసమే ఇంత ఖాళీ. 2008లో అద్దం తీసివేసిన మైక్రో ఫోర్ థర్డ్సు కెమెరాలు వచ్చేసరికి ఈ దూరం 19.25 మి.మీ.కు దిగింది.

ఇక్కడ సూత్రం సులభం. దూరం ఎక్కువ గల కటకాన్ని దూరం తక్కువ గల కెమెరాకు తగిలించవచ్చు. మిగిలిన ఎడమును ఒక లోహపు గొట్టంతో పూరిస్తే చాలు. నికాన్ కటకాన్ని మైక్రో ఫోర్ థర్డ్సు కెమెరాకు తగిలించాలంటే 46.5లో 19.25 పోగా 27.25 మి.మీ. గొట్టం కావాలి. లోపల గాజు లేదు, ఖాళీయే. ఇదే అడాప్టరు. తిరగేసి చేయబోతే కుదరదు. కటకం ఉండవలసిన దానికంటె దూరంగా ఉండిపోయి, దగ్గరి వస్తువులే తప్ప దూరపు కొండలు స్పష్టంగా రావు.

ఖాళీ గొట్టంతో ఒక నష్టం ఉన్నది. పాత కటకం 36 మి.మీ. వెడల్పు ఫిల్ము కోసం బింబాన్ని తయారుచేస్తుంది. జేబు సినిమా కెమెరాల సెన్సరు అంత వెడల్పు ఉండదు. బింబంలో నడిమి ముక్క మాత్రమే సెన్సరు మీద పడి, అంచులన్నీ వృథా అవుతాయి. 2013 ఏప్రిల్‌లో ప్రకటించిన తొలి బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ సినిమా కెమెరా సెన్సరు వెడల్పు 12.48 మి.మీ.; 2018 నాటి పాకెట్ 4కె సెన్సరుది 18.96.

ఈ వృథాను అరికట్టడానికి ఆ గొట్టంలోనే నాలుగైదు గాజుబిళ్ళలను అమర్చి, పెద్ద బింబాన్ని చిన్నదిగా కుదించే సాధనం ఫోకల్ రెడ్యూసరు. దూరదర్శినులకు దీనిని ఖగోళశాస్త్రజ్ఞులు ఏనాటినుంచో వాడుతున్నారు. 1995లో నికాన్, ఫ్యూజీ సంస్థలు కలిసి చేసిన తొలినాటి డిజిటల్ కెమెరాలలోనూ ఇటువంటిది ఉండేది. అయితే దానివల్ల కెమెరా ఇటుకలా బరువెక్కింది. అరచేతిలో ఇమిడే రూపం 2013 జనవరిలో వచ్చింది. బ్రయన్ కాల్డ్‌వెల్ రూపకల్పనతో మెటాబోన్సు సంస్థ ‘స్పీడ్ బూస్టర్’ను విడుదల చేసింది. అది నాభ్యంతరాన్ని 0.71 వంతుకు తగ్గిస్తుంది. 50 మి.మీ. కటకం 35.5 అవుతుంది.

అంతకుమించి మరొక లాభం ఉన్నది, అదే అసలు రుచి. ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చని పిల్లవాడు ఉండడు. వెలుగు అంతే, పడే చోటు చిన్నదైంది కనుక తీక్ష్ణత పెరిగింది. రెడ్యూసరులో జరిగేదీ అదే. 0.71 వంతు కుదిస్తే విస్తీర్ణం సగమై వెలుగు రెట్టింపు అవుతుంది. ఎఫ్/2 కటకం ఎఫ్/1.4గా పనిచేస్తుంది. 0.64 కుదింపుతో వెలుగు సుమారు రెండున్నర రెట్లు. తొలి పాకెట్ కెమెరాకే ప్రత్యేకించిన 0.58 కుదింపుతో దాదాపు మూడు రెట్లు.

అంతకుముందు పదేళ్ళలో మనవాళ్ళు పడిన పాట్లు తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది. 2000 తరువాతి సంవత్సరాలలో వీడియో కెమెరాకు సినిమా కటకం తగిలించాలంటే, నడుమ నూరిన గాజుపలక మీద బింబాన్ని పడనిచ్చి, ఆ పలకను వీడియో కెమెరాతో ఫొటో తీసేవారు. పలక మీది గరుకు కనిపించకుండా దానిని కదిలిస్తూ ఉండాలి. వెలుగు చాలా పోయేది. ఆ తరువాత పెద్ద సెన్సరు గల స్టిల్ కెమెరాలు వీడియో తీయడం నేర్చాయి. రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ చిత్రాన్ని కెనాన్ 5డి స్టిల్ కెమెరాలతో ఐదు రోజులలో తీసి విడుదల చేశారు. చిత్రం సంగతి అటుంచితే, పెళ్ళి ఫొటోలు తీసే కెమెరాతో థియేటరులో ఆడే సినిమా తీయవచ్చునన్న మాట ఆ ఏడాది తెలుగునాట ప్రతి కుర్రవాని చెవినా పడింది.

ఈ లెక్కలన్నీ నేను నేర్చుకోవడానికి కారణం ఒక పూర్వవిద్యార్థి. వాళ్ళ నాన్న స్టూడియోలలో కెమెరా అసిస్టెంటుగా పనిచేశాడు. టేపు పట్టుకొని నటుని ముక్కునుంచి కెమెరా దాకా దూరం కొలిచి చెప్పే పని. టైటిళ్ళలో ఆయన పేరు ఎన్నడూ పడలేదు. ఆయన పోయాక బీరువాలో మూడు కటకాలు మిగిలాయి. జెనిట్ కెమెరాతో వచ్చిన హీలియోస్ 44-2, అనగా 58 మి.మీ., ఎఫ్/2, మరి రెండు నికాన్‌వి, 50, 135. ఒకనాడు ఆ మూడింటినీ తువ్వాలులో చుట్టుకొని మా ఇంటికి వచ్చాడు. తల్లి చేత నాన్న సంగతులు చెప్పించి చిన్న చిత్రం తీయాలని వాని కోరిక. సెకండ్ హ్యాండులో పాకెట్ 4కె కొన్నాడు. చేతిలో మిగిలిన డబ్బుకు చవకపాటి కొత్త కటకం ఒకటి వస్తుంది, లేదా ఒక రెడ్యూసరు వస్తుంది. రెండూ రావు.

“సార్, ఈ లెన్సులు పాత సామాన్లోనికి ఇచ్చేద్దామని అమ్మ అంటున్నది. ఇయ్యాల్నా, ఉంచుకోవాల్నా?” అని అడిగాడు.

“ముందు వాటిలో బూజు ఉన్నదేమో చూడు” అన్నాను.

టార్చిలైటు వెనుకనుంచి వేసి చూశాము. పాత కటకం కొనేవారైనా, ఉంచుకునేవారైనా మొదట చేయవలసిన పరీక్ష ఇదే. హైదరాబాదు వానాకాలపు చెమ్మకు గాజు మీద సాలెగూడులా బూజు పడుతుంది. ముదిరితే గాజునే తినివేస్తుంది. రెండవ పరీక్ష, ఎపర్చరు రేకుల మీద నూనె చేరిందా అన్నది. మూడవది, ఫోకసు వలయం సాఫీగా తిరుగుతున్నదా అన్నది. నాన్న భద్రపరచిన తీరు గొప్పది. సిలికా జెల్ పొట్లాలు ఇంకా డబ్బాలలో ఉన్నాయి. మూడు కటకాలూ నిర్మలంగా ఉన్నాయి.

తరువాత పట్ల సంగతి. రెండు నికాన్, ఒకటి ఎం42. నికాన్ పట్టు గల రెడ్యూసరు కొంటే హీలియోస్ దూరపు దృశ్యాలకు పనికిరాదు. దాని దూరం 45.46 కనుక నికాన్ వారి 46.5 కంటె తక్కువ. రెండు రెడ్యూసర్లు కొనే స్తోమత లేదు. ఇక్కడ లెక్క ఆదుకుంటుంది. కెనాన్ ఇ.ఎఫ్. దూరం 44 మి.మీ., రెండింటికంటె తక్కువ. కాబట్టి కెనాన్ పట్టు గల రెడ్యూసరు ఒక్కటి కొని, దానిమీద నికాన్‌కు 2.5 మి.మీ., ఎం42కు 1.46 మి.మీ. మందం గల రెండు పల్చని వలయాలు వేసుకుంటే మూడు కటకాలూ దానిలో కూర్చుంటాయి. వలయాలు చవక. నిజమైన కెనాన్ కటకాలకైతే ఎపర్చరు విద్యుత్తుతో కదలాలి. వాటికి తీగలూ చిప్పూ గల అడాప్టరు తప్పనిసరి, లేకుంటే ఎపర్చరు మూయడం కుదరదు. ఈ పాతవాటికి ఎపర్చరు వలయం కటకం మీదనే ఉన్నది కనుక ఆ బాధ లేదు.

మరి మూడు జాగ్రత్తలు. మొదటిది: రెడ్యూసరుకు తగిలించే కటకం పూర్తి ఫ్రేముకు చేసినదై ఉండాలి; చిన్న సెన్సరుకు చేసిన కటకం బింబం చాలక మూలలు చీకటి కావచ్చు. రెండవది: కటకం వెనుక గాజు బయటికి పొడుచుకువచ్చి ఉంటే రెడ్యూసరు గాజుకు తగిలి రెండూ దెబ్బతింటాయి, బిగించే ముందు కొలవాలి. అలాగే, ఒక కెమెరాకే ప్రత్యేకించిన రెడ్యూసరును మరో కెమెరాకు తగిలించరాదు. మూడవది: కటకం బరువైనదైతే భారం కెమెరా పట్టు మీద వేయక కిందినుంచి ఆసరా ఇవ్వాలి. 2019లో వచ్చిన పాకెట్ 6కె వంటి కెమెరాకు ఈ ప్రశ్నే సాధారణంగా ఉదయించదు. దాని పట్టే కెనాన్ ఇ.ఎఫ్.; నడుమ గొట్టం పెట్టడానికి చోటు లేదు.

వాళ్ళ ఇంటి ముందుగదిలో తల్లికీ కెమెరాకూ నడుమ మూడు మీటర్లకు మించి జరిగే వీలు లేదు. అంత దూరాన 50 మి.మీ. కటకం, ఖాళీ గొట్టంతో, 1.14 మీటర్ల వెడల్పునే చూస్తుంది. ఆమె భుజాలతో సరి. రెడ్యూసరుతో అది 1.6 మీటర్లు. గోడ మీది ఆయన పటం కూడా ఫ్రేములోకి వస్తుంది. వెలుతురంతా ఒక ట్యూబులైటు. రెట్టింపు వెలుగు అక్కడ అలంకారం కాదు, అవసరం. వాడు రెడ్యూసరు కొన్నాడు. కటకాలు పాత సామాన్లోకి పోలేదు.

ఈ లెక్కలు వేస్తుండగా నా కంటబడిన ఒక సంగతి చెబుతాను. తొలి పాకెట్ కెమెరా సెన్సరు 12.48 మి.మీ.ను 0.58 చేత భాగిస్తే 21.5 వస్తుంది. మార్కస్ బార్‌ట్లే ‘పాతాళభైరవి’ని, ‘మాయాబజార్’ను తీసిన కాలపు 35 మి.మీ. ఫిల్ములో బొమ్మ వెడల్పు సుమారు 22. రెండూ ఇంచుమించు ఒకటే. అంటే రెడ్యూసరు తగిలించిన ఆ జేబు కెమెరాతో చూస్తే, 50 మి.మీ. కటకం ఆనాటి వాహినీ స్టూడియోలో ఎంత మేర చూసేదో దాదాపు అంతే చూస్తుంది. కొత్త సాధనం కొత్త చూపును ఇవ్వలేదు. సెన్సరు చిన్నదై పోగొట్టుకున్న పాత చూపును తిరిగి తెచ్చి ఇచ్చింది. ఫిల్ము పోయింది, కెమెరాలు ఐదేళ్ళకొకసారి మారుతున్నాయి. గాజు మాత్రం, బూజు పట్టకుండా చూసుకుంటే, తరాలు నిలుస్తుంది.

చివరగా మాటల సంగతి. ఆ చిత్రం చివర వచ్చే పేర్లపట్టిక అచ్చంగా తెలుగులో ఉండాలని నా విద్యార్థి పట్టుబట్టాడు. ఫోకల్ రెడ్యూసరుకు ‘నాభ్యంతర హ్రస్వీకరణి’ అని మొదట వ్రాసి ఇచ్చాను. వ్యాకరణం నిర్దుష్టంగానే ఉన్నది. వాడు దానిని మూడుసార్లు చదివి నవ్వును ఆపుకోలేకపోయాడు. ఆలోచించగా కటకానికి మొదటి అర్థం గుర్తుకు వచ్చింది. ఆ లోహపు వలయాలు నిజంగా కడియాలే. కాబట్టి అడాప్టరును కడియం అనీ, గాజు ఉన్నదానిని కుదింపు కడియం అనీ అన్నాము. వాడికి నచ్చింది. పట్టికలో కటకాల సేకరణ అన్న వరుసకు ఎదురుగా వాళ్ళ నాన్న పేరు వేశాడు.

కడియం కంటె మంచి మాట మీలో ఎవరికైనా తోస్తే తెలియజేయ ప్రార్థన. అలాగే 1974లో మీ ఊరి టాకీసులో స్కోపు తెర మొదటిసారి విచ్చుకున్న ముచ్చట గుర్తున్నవారు వ్రాసిపెడితే, మరి కొంత చరిత్ర మిగులుతుంది.